జర్మన్ ఎప్పుడు నేర్చుకోవాలి: బిజినెస్ డిగ్రీకి ముందా, మధ్యలోనా, అయ్యాకా?

జర్మనీకి వెళ్దామనుకుంటున్న వాళ్ళ నుంచి నాకు రోజూ వచ్చే మెసేజ్‌లలో ఒకటి ఇది. "అన్నా, నా కోర్సు మొత్తం ఇంగ్లీషులోనే. జర్మన్ అక్కడికి వెళ్ళాక చూసుకోవచ్చా?" ఇంకోటి దీనికి రివర్స్‌లో ఉంటుంది. "బ్రో, జాబ్ మానేసి ఆరు నెలలు ఫుల్‌టైమ్ జర్మన్ నేర్చుకుని అప్పుడు ఎంబీఏకి వెళ్దామనుకుంటున్నా. ఇంట్లో వాళ్ళు పిచ్చి పట్టిందా అంటున్నారు. నువ్వేమంటావ్?"

ఈ ఎపిసోడ్ ఈ రెండు మెసేజ్‌లకీ కలిపి. జర్మన్ నేర్చుకోవాలా వద్దా అనేది ఇవాళ్టి టాపిక్ కాదు. ఎప్పుడు అనేదే టాపిక్. ఎందుకంటే ఆరు నెలలు ఒకచోట పెడితే మూడు లక్షల పైచిలుకుతో పోతుంది, ఇంకోచోట పెడితే ఆరేడు లక్షలు అవుతుంది. పైగా ఆ డబ్బు చాలామందికి నాన్న పేరు మీదున్న ఇల్లో, పొలమో తాకట్టు పెట్టి తెచ్చిన లోన్. కాబట్టి కొంచెం ఓపిగ్గా లెక్క చూద్దాం.

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. మనం బీటెక్ చేసినవాళ్ళం, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్ళం. మన సీనియర్లు బెర్లిన్‌లో, మ్యూనిక్‌లో జర్మన్ రాకుండానే ఉద్యోగాలు చేస్తున్నారు. అది చూసి మనకీ కుదురుతుందిలే అనుకుంటాం. వాళ్ళకి కుదిరింది, నిజమే. ఎందుకంటే కోడ్‌కి జర్మన్ అక్కర్లేదు. పైథాన్ హైదరాబాద్‌లో ఎలా ఉంటుందో హాంబర్గ్‌లోనూ అలానే ఉంటుంది. కానీ మీరు ఇప్పుడు వెళ్తున్నది బిజినెస్ డిగ్రీకి. అయ్యాక చేసే ఉద్యోగాలేంటి? సేల్స్, మార్కెటింగ్, హెచ్‌ఆర్, కంట్రోలింగ్, కన్సల్టింగ్. వీటిలో పని అంటేనే మాట. కస్టమర్‌తో మాట్లాడాలి, కాంట్రాక్ట్ చదవాలి, మీటింగ్‌లో పక్కవాడు ఎందుకు కాదంటున్నాడో పసిగట్టాలి. జర్మనీలో ఉద్యోగాలిచ్చే కంపెనీల్లో పెద్ద భాగం మిట్టెల్‌ష్టాండ్ అని పిలిచే మధ్యతరహా కంపెనీలు. వీటిలో చాలావరకు కుటుంబాలు నడిపేవి, చిన్న ఊళ్ళలో ఉండేవి. అక్కడ ఆఫీసు భాష జర్మనే. అంటే బీటెక్ నుంచి బిజినెస్‌కి మారిన రోజే, కోడ్ వల్ల మనకి దొరికిన ఆ మినహాయింపు పోయినట్టు. చాలామంది ఇది కోర్సు అయిపోయి, అప్లికేషన్లు పెట్టడం మొదలుపెట్టాక గమనిస్తున్నారు.

సరే, ఎంత టైమ్ పడుతుంది? యూరప్‌లో భాషకి ఆరు మెట్లు పెట్టారు. ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2. సింపుల్‌గా చెప్పాలంటే ఏ2 వస్తే షాపులో, బస్సులో నెట్టుకొస్తాం. బీ1 వస్తే పక్కింటివాళ్ళతో కబుర్లు చెప్తాం. బీ2 వస్తే ఆఫీసులో పని చేయగలం. సీ1 వస్తే ఆఫీసులో వాదించగలం. జర్మన్ కోర్సుల్లో 45 నిమిషాల క్లాసుని ఒక పీరియడ్‌గా లెక్కేస్తారు. సున్నా నుంచి బీ1 చేరడానికి 350 నుంచి 650 పీరియడ్లు, బీ2 చేరడానికి 600 నుంచి 800 పీరియడ్లు పడతాయని స్థూలమైన అంచనా.

దీన్ని వారాల్లోకి మారుద్దాం. ఫుల్‌టైమ్ అంటే వారానికి ఓ 25 పీరియడ్లు అనుకోండి. బీ1కి 450 పీరియడ్లు వేసుకుంటే 18 వారాలు, అంటే నాలుగు నెలల పైచిలుకు. బీ2కి 700 వేసుకుంటే 28 వారాలు, ఆరున్నర నెలలు. అదే శని, ఆదివారాల బ్యాచ్‌లో వారానికి 8 పీరియడ్లు అయితే? బీ1కే ఏడాది దాటుతుంది. ఇంట్లో చేసే ప్రాక్టీస్ దీనికి అదనం. అమీర్‌పేటలో 45 రోజుల్లో జావా నేర్చుకున్న అలవాటుతో భాషని చూడకండి. కోర్సు మెటీరియల్ 45 రోజుల్లో అయిపోవచ్చు, చెవి, నాలుక తిరగడానికి అంత తక్కువ టైమ్ చాలదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ నాలుగు నెలలో, ఆరు నెలలో ఎక్కడ పెట్టాలి? మనకి మూడు చోట్లున్నాయి. డిగ్రీకి ముందు, డిగ్రీ జరుగుతుండగా, డిగ్రీ అయ్యాక. ఒక్కోచోట ఏ మీటర్ తిరుగుతుందో చూడండి. ఆటో ఎక్కినట్టు అనుకోండి. బండి కదలకపోయినా మీటర్ తిరుగుతూనే ఉంటుంది కదా, అలాగన్నమాట.

వెనక నుంచి మొదలుపెడదాం. డిగ్రీ అయ్యాక. వినడానికి ఇదే బాగుంటుంది. చదువు టెన్షన్ లేదు, దేశంలోనే ఉన్నాం, చుట్టూ జర్మన్లే. పైగా జర్మనీలో డిగ్రీ పూర్తిచేసినవాళ్ళకి ఉద్యోగం వెతుక్కోడానికి 18 నెలల వరకు రెసిడెన్స్ పర్మిట్ ఇస్తారు. ఏడాదిన్నర ఉందిగా, అందులో ఆరు నెలలు భాషకి ఇచ్చేద్దాం అనిపిస్తుంది.

కానీ అక్కడ ఒకేసారి మూడు మీటర్లు తిరుగుతుంటాయి. మొదటిది ఆ 18 నెలలే. అవి డిగ్రీ ఆధారంగా వచ్చిన నెలలు, అయిపోతే మళ్ళీ రావు. రెండోది ఖర్చు. స్టూడెంట్ వీసాకి చూపించాల్సిన బ్లాక్డ్ అకౌంట్ 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు. అంటే నెలకి 992. సర్కారు వాళ్ళే ఒక విద్యార్థికి నెలకి కనీసం ఇంత కావాలని లెక్కేశారన్నమాట. యూరో వంద రూపాయలనుకుంటే నెలకి దాదాపు లక్ష. ఆరు నెలలు కూర్చుని భాష నేర్చుకుంటే ఆరు లక్షలు తిండికీ, అద్దెకీ పోతాయి, కోర్సు ఫీజు కాకుండానే. మూడోది ఎవరూ లెక్కలోకి తీసుకోని మీటర్, ఈఎంఐ. మన ఎడ్యుకేషన్ లోన్లలో చాలావాటికి కోర్సు అయ్యాక ఆరు నెలలో, ఏడాదో గడువిచ్చి కట్టడం మొదలుపెట్టమంటారు. గమనించారా? వీసా 18 నెలలు ఆగుతుంది కానీ బ్యాంకు అన్ని నెలలు ఆగదు. మీరు క్లాసులో డెర్, డీ, దాస్ బట్టీపడుతుండగా ఇక్కడ నాన్న ఫోన్‌కి మెసేజ్ వస్తుంది.

దీంట్లో ఇంకో చిక్కుంది. డిగ్రీ చేతికొచ్చిన మొదటి కొన్ని నెలల్లో ఫ్రెష్ గ్రాడ్యుయేట్‌గా మీకు ఒక విలువ ఉంటుంది. ప్రొఫెసర్లకి మీరు గుర్తుంటారు, ఇంటర్న్‌షిప్ చేసినచోట మేనేజర్ ఇంకా అక్కడే ఉంటాడు. ఆ నెలల్ని ఏ2 గ్రామర్‌కి ఖర్చుపెట్టడం చాలా ఖరీదైన పని. ఆల్రెడీ బీ2 ఉండి, సీ1 కోసం రెండు నెలలు ఇంటెన్సివ్ చేస్తూ పక్కన అప్లికేషన్లు కూడా పెడుతుంటే, అది వేరే సంగతి. అది బాగానే పనిచేస్తుంది. సున్నా నుంచి మొదలుపెట్టడమే అక్కడ కష్టం.

ఇప్పుడు మధ్యలో. ఇక్కడ మీరు చేసే డిగ్రీ ఏదనేది చాలా ముఖ్యం. బిజినెస్ డిగ్రీ అని ఒకే పేరుతో పిలుస్తాం కానీ జర్మనీలో ఇవి రెండు రకాలు. ఒకటి ఫుల్‌టైమ్ ఎంబీఏ. రెండు మూడేళ్ళ అనుభవం అడుగుతారు, ఏడాది, ఏడాదిన్నరలో అయిపోతుంది, పేరున్న చోట ఫీజు 40 వేల యూరోల పైన ఉండటం మామూలే. రెండోది పబ్లిక్ యూనివర్సిటీలో రెండేళ్ళ మాస్టర్స్, మేనేజ్‌మెంట్‌లోనో, ఫైనాన్స్‌లోనో. చాలా రాష్ట్రాల్లో దీనికి ట్యూషన్ ఫీజు ఉండదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుంచి మనలాంటి యూరప్ బయటి వాళ్ళకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. మన్‌హైమ్ యూనివర్సిటీ ఆ రాష్ట్రంలోదే.

ఏడాది ఎంబీఏలో భాషకి చోటుంటుందా? ఉండదు. కేసులు, గ్రూప్ వర్క్, ప్రెజెంటేషన్లు, నెట్‌వర్కింగ్, అన్నీ ఏడాదిలో కుక్కేస్తారు. వారానికి రెండు క్లాసులు పెట్టుకోవచ్చు, అది ఉన్నదాన్ని కాపాడుకోడానికి సరిపోతుంది. కొత్తగా మెట్టు ఎక్కడానికి సరిపోదు.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. పెద్ద బిజినెస్ స్కూళ్ళు తమ రూల్స్‌లోనే దీన్ని రాసిపెట్టాయి. ఫ్రాన్స్‌లోని ఇన్సియాడ్ సంగతి చూడండి. అక్కడ ఎంబీఏ పది నెలలు. చాలా ఏళ్ళపాటు వాళ్ళ రూల్ ఏంటంటే, ఇంగ్లీషు కాక రెండో భాషతో లోపలికి రావాలి, డిగ్రీ తీసుకునేలోపు మూడో భాష కనీస స్థాయిలో చూపించాలి. ఆ మూడో భాషని ఎంతోమంది చేరకముందే ముగించుకుని వచ్చేవాళ్ళు, లోపల టైమ్ దొరకదని తెలిసి. అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వార్టన్ స్కూల్‌కి అనుబంధంగా లాడర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1983లో మొదలైంది. ఎంబీఏతోపాటు ఇంటర్నేషనల్ స్టడీస్‌లో ఎంఏ కూడా ఇస్తారు. అక్కడ భాష ట్రాక్‌లో చేరినవాళ్ళు మే నెలలోనే మొదలుపెట్టి, ఆ భాష మాట్లాడే దేశానికి వెళ్ళి వేసవంతా అందులోనే మునిగి, ఆ తర్వాత మిగతా ఎంబీఏ వాళ్ళతో కలుస్తారు. అంటే భాష ముందు, ఎంబీఏ క్లాసులు తర్వాత. ఇంకో ముఖ్యమైన విషయం, ఆ ట్రాక్‌లో సీటు కావాలంటే ముందే ఆ భాషలో మాట్లాడే పరీక్ష పాసవ్వాలి. సున్నాతో వస్తే తీసుకోరు. వేసవి రెండు నెలల్ని వాళ్ళు అక్షరాలు దిద్దించడానికి వాడరు. వచ్చినదాన్ని పదును పెట్టడానికి వాడతారు.

ఈ పాయింట్ పట్టుకోండి, చాలా మెసేజ్‌లకి ఇదే సమాధానం. "దేశంలో ఉంటే భాష దానంతట అదే వచ్చేస్తుంది" అనే మాట సగమే నిజం. పునాది ఉన్నవాడికే వస్తుంది. ఏ1తో వెళ్ళి బేకరీలో తడబడుతూ జర్మన్ మొదలుపెట్టారనుకోండి, అవతలి మనిషి మర్యాదకే ఇంగ్లీషులోకి మారిపోతాడు. అక్కడితో మీ ప్రాక్టీస్ అయిపోయింది. బీ1తో వెళ్తే మారడు, ఓపికగా వింటాడు. అక్కడి నుంచి ఆ ఊరే మీకు టీచర్. కాబట్టి పునాది ఇక్కడ వేసుకోవాలి, పదును అక్కడ పెట్టుకోవాలి.

మరి రెండేళ్ళ మాస్టర్స్ వాళ్ళకి? మీకు మధ్యలో నిజంగానే చోటుంది. జర్మనీలో చాలా యూనివర్సిటీల్లో వింటర్ సెమిస్టర్ క్లాసులు అక్టోబర్‌లో మొదలై ఫిబ్రవరి మొదటికి అయిపోతాయి, సమ్మర్ సెమిస్టర్ క్లాసులు ఏప్రిల్ నుంచి జులై దాకా. మధ్యలో ఫిబ్రవరి, మార్చి, మళ్ళీ ఆగస్టు, సెప్టెంబర్ ఖాళీ. చాలా యూనివర్సిటీలు ఎన్‌రోల్ అయిన విద్యార్థులకి జర్మన్ కోర్సులు ఉచితంగానో, తక్కువ ఫీజుకో పెడతాయి. సెమిస్టర్‌లో వారానికి నాలుగైదు గంటలు, సెలవుల్లో ఇంటెన్సివ్. కానీ ఆ సెలవులకి పోటీ ఉంది. పరీక్షలు అక్కడే పడతాయి, ఇంటర్న్‌షిప్‌లు అక్కడే, సెమినార్ పేపర్లు అక్కడే. స్టూడెంట్ వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు కాబట్టి, డబ్బు సంపాదించుకోడానికీ ఆ నెలలే. ఒక సెలవుని భాషకి ఇవ్వగలరు, అన్నీ ఇవ్వలేరు. ఒక సెలవులో ఒక మెట్టు ఎక్కొచ్చు, బీ1 నుంచి బీ2. ఏ1 నుంచి బీ2 దాకా ఎక్కలేరు.

మధ్యలో ఇంకో మంచి దారి వెర్క్‌స్టూడెంట్ ఉద్యోగం. చదువుతూనే వారానికి 20 గంటల వరకు ఒక కంపెనీలో మీ ఫీల్డ్‌కి సంబంధించిన పని. జర్మన్ ఆఫీసు భాష దీన్ని మించి ఎక్కడా రాదు, పైగా వాళ్ళే జీతమిస్తారు. కానీ బిజినెస్ సైడ్ వెర్క్‌స్టూడెంట్ ప్రకటనలు చూడండి. చాలావాటిలో జర్మన్ కనీసం బీ2, లేదా బాగా మాట్లాడగలగాలి అని ఉంటుంది. బీ1తో దిగి, మొదటి ఏడాదిలో బీ2 చేసుకుంటే, రెండో ఏడాది ఈ తలుపు తెరుచుకుంటుంది. సున్నాతో దిగినవాడికి డిగ్రీ అయిపోయేదాకా తెరుచుకోదు. రూమ్ గురించి కూడా ఒక మాట. నలుగురూ తెలుగువాళ్ళే ఉన్న రూమ్‌లో పప్పుచారు దొరుకుతుంది, పండక్కి తోడు దొరుకుతుంది, నేను వద్దనను. కానీ ఆ ఇంట్లో జర్మన్ దొరకదు. కాబట్టి రోజులో ఒక గంటైనా బయట జర్మన్‌లోనే గడిచే ఏర్పాటు చేసుకోండి. స్పోర్ట్స్ క్లబ్బో, టాండెమ్ పార్ట్‌నరో. టాండెమ్ అంటే మీరు వాళ్ళకి ఇంగ్లీషో, తెలుగో నేర్పిస్తే వాళ్ళు మీకు జర్మన్ నేర్పిస్తారు.

ఇక మొదటి చోటు, డిగ్రీకి ముందు. ఇక్కడ తిరిగే మీటర్ ఒక్కటే, మీ జీతం. నెలకి 50 వేలు జీతం అనుకోండి, నాలుగు నెలలు మానేస్తే రెండు లక్షలు, ప్లస్ క్లాసు ఫీజు. ఇల్లు మనదే, భోజనం అమ్మ చేతిది. వీసా గడియారం మొదలవలేదు, ఈఎంఐ మొదలవలేదు. అదే నాలుగు నెలలు అక్కడ డిగ్రీ అయ్యాక పెడితే నాలుగు లక్షల ఖర్చు, ఈఎంఐ దగ్గరపడటం, పైగా ఆ నాలుగు నెలలూ పోగొట్టుకునేది జర్మనీ జీతం. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు కదా, ఇక్కడ దీపం అంటే ఇంకా మీటర్ మొదలవని ఈ నెలలు.

కానీ ముందు అంటే ఎంత ముందు? ఇది కూడా చూసుకోవాలి. ఐఈఎల్‌టీఎస్ స్కోరుకి రెండేళ్ళ గడువుంటుంది, జీమ్యాట్‌కి ఐదేళ్ళు. గ్యోతే సర్టిఫికెట్ మీద గడువు తేదీ ఉండదు. కానీ నాలుక మీద ఉంటుంది. రెండేళ్ళ కింద ఏ2 చేసి వదిలేస్తే, విమానం ఎక్కేసరికి గుటెన్ మోర్గెన్ ఒక్కటే మిగులుతుంది. అందుకే ఫుల్‌టైమ్ భాగం విమానానికి ఆనుకుని ఉండాలి. క్లాసు అయిపోయిన నెలలోపు అక్కడ దిగితే, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు పనికొస్తుంది.

ఇప్పుడు ఒక క్యాలెండర్ వేద్దాం. మీరు ఉద్యోగంలో ఉన్నారు, వచ్చే ఏడాది అక్టోబర్ ఇన్‌టేక్ అనుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఈ ఏడాది ఆగస్టు, సెప్టెంబర్‌లో వీకెండ్ బ్యాచ్‌లో ఏ1 మొదలు. పక్కన జీమ్యాట్, ఐఈఎల్‌టీఎస్. చలికాలంలో ఏపీఎస్ సర్టిఫికెట్ పని. 2022 నవంబర్ నుంచి మన దేశం వాళ్ళకి స్టూడెంట్ వీసాకి ఇది తప్పనిసరి అయింది, దానికీ వారాలు పడతాయి. ఏప్రిల్ కల్లా వీకెండ్‌లోనే ఏ2 అయిపోతుంది. అప్పటికి అప్లికేషన్లు కూడా చాలావరకు వెళ్ళిపోతాయి. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు ఫుల్‌టైమ్. ఏ2 ఉన్నవాళ్ళకి ఆ నాలుగు నెలల్లో బీ1 పూర్తయి, బీ2 సగం దాకా వెళ్ళొచ్చు. సెప్టెంబర్ చివర్లో విమానం.

ఇందులో మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక ముల్లుంది. నోటీస్ పీరియడ్! 90 రోజుల నోటీస్ ఉన్న కంపెనీలో, జూన్‌లో పేపర్ పెడితే సెప్టెంబర్‌లో వదులుతారు. ఫుల్‌టైమ్ కిటికీ మొత్తం నోటీస్‌లోనే పోతుంది. ప్రైవేటు బిజినెస్ స్కూల్‌కి వెళ్ళేవాళ్ళకి ఇది సులువు. అక్కడ అప్లికేషన్లు రౌండ్ల వారీగా తీసుకుంటారు, ముందుగా అప్లై చేస్తే మార్చికల్లా అడ్మిషన్ చేతిలో ఉంటుంది. అప్పుడు పేపర్ పెట్టండి, జూన్‌కి ఫ్రీ అవుతారు. పబ్లిక్ యూనివర్సిటీల రిజల్ట్ జూన్, జులైలో రావడం ఎక్కువ. అడ్మిషన్ లేకుండా ఉద్యోగం వదలమని నేను చెప్పను. ఆ పరిస్థితిలో నోటీస్ నెలల్నే వాడుకోండి. నోటీస్‌లో కేటీ ఇవ్వడం తప్ప పెద్ద పనుండదు. పొద్దున్న ఏడింటి బ్యాచ్ రోజూ వెళ్ళండి, సాయంత్రం రెండు గంటలు కూర్చోండి. ఫుల్‌టైమ్ కాకపోయినా ముప్పావు టైమ్ అవుతుంది. బీ1 చేరడానికి అది చాలు.

హైదరాబాద్‌లో గ్యోతే జెంట్రుమ్ ఉంది, చెన్నై, బెంగళూరులో గ్యోతే ఇన్‌స్టిట్యూట్‌లు మాక్స్ ముల్లర్ భవన్ పేరుతో ఉన్నాయి. క్లాసు ఎక్కడైనా నేర్చుకోండి, పరీక్ష మాత్రం గుర్తింపు ఉన్నదే రాయండి. బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు. ఒక్కోదానిలో వందకి 60 రావాలి. విడివిడిగా కూడా రాయొచ్చు, ఒకటి పోతే ఆ ఒక్కటే మళ్ళీ రాసుకోవచ్చు. స్లాట్లు తొందరగా అయిపోతాయి కాబట్టి కోర్సు సగంలో ఉండగానే పరీక్ష తేదీ చూసుకోండి. ఈ బీ1 కాగితం ఇప్పటికే కాదు, తర్వాత కూడా పనికొస్తుంది. జర్మన్ డిగ్రీ చేసినవాళ్ళు అక్కడ రెండేళ్ళు నైపుణ్యం ఉన్న ఉద్యోగం చేశాక పర్మనెంట్ రెసిడెన్స్‌కి అప్లై చేసేటప్పుడు కావాల్సిన భాషా స్థాయి కూడా బీ1.

భయపడేవాళ్ళకి ఒక చిన్న ధైర్యం. జర్మన్‌లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళని ఏడిపించే ఒక రూల్ ఉంది. ఎందుకంటే అని మొదలుపెట్టే వాక్యంలో క్రియ చివరికి పోతుంది. "వైల్ ఇష్ క్రాంక్ బిన్." వరసగా పెట్టి చూడండి: ఎందుకంటే, నేను, జబ్బుగా, ఉన్నాను. మన తెలుగు వాక్యమే! అమెరికావాడు తలపట్టుకునే చోట మనం హాయిగా కూర్చోవచ్చు. డెర్, డీ, దాస్ మాత్రం అందరికీ కష్టమే. అబద్ధం చెప్పను.

ఎవరు ఫుల్‌టైమ్‌కి వెళ్ళకూడదో కూడా చెప్పాలి. ఇంకా దేశమే డిసైడ్ కానివాళ్ళు, జర్మనీయా ఐర్లాండా అని ఊగుతున్నవాళ్ళు ఉద్యోగం వదలకండి. వీకెండ్‌లో ఏ1 చేయండి. నచ్చకపోతే పోయేది రెండు నెలల ఆదివారాలు. డిగ్రీ తర్వాత మళ్ళీ డేటా, ప్రొడక్ట్ టెక్ లాంటి ఇంగ్లీషు టీముల్లోకే వెళ్తాననేవాళ్ళు ఏ2తో దిగి మధ్యలో నెమ్మదిగా పెంచుకోవచ్చు. ఇంట్లో మీ జీతం మీదే నడుస్తుంటే, నాలుగు నెలలు మానేయడం కన్నా ఒక ఇన్‌టేక్ ఆగి వీకెండ్‌లోనే బీ1 చేసుకోవడం మంచిది. కాకపోతే ఒక జాగ్రత్త. అడ్మిషన్ వచ్చాక వాయిదా వేయడం అన్నిచోట్లా కుదరదు. పబ్లిక్ యూనివర్సిటీల్లో చాలావరకు మళ్ళీ అప్లై చేయాల్సిందే. ఆగాలనుకుంటే అప్లై చేయకముందే ఆగండి.

చివరగా ఇంట్లో ఒప్పించడం. "జాబ్ మానేసి భాష నేర్చుకుంటావా" అని నాన్న అడిగితే అది పిచ్చి ప్రశ్న కాదు, ఆయన కోణంలో కరెక్ట్ ప్రశ్న. లోన్ కాగితం మీద సంతకం ఆయనది కూడా. ఆయనకి కల్చర్ గురించో, ఎక్స్‌పోజర్ గురించో చెప్పకండి. ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ విమానం నెల, డిగ్రీ అయిపోయే నెల, ఈఎంఐ మొదలయ్యే నెల, 18 నెలలు అయిపోయే నెల, ఈ నాలుగు తేదీలు ఒక గీత మీద రాయండి. తర్వాత నాలుగు నెలల జర్మన్‌ని ఆ గీత మీద మొదట పెట్టి ఖర్చు రాయండి, చివర పెట్టి ఖర్చు రాయండి. రెండూ ఆయన ముందు పెట్టండి. జీవితమంతా నెలాఖరు లెక్కలు చూసిన మనిషి ఆయన, మనకన్నా తొందరగా అర్థమవుతుంది.

బ్లాక్డ్ అకౌంట్ అంకెలు, వీసా రూల్స్ మారుతుంటాయి, అప్లై చేసేముందు ఎంబసీ సైట్‌లో ఒకసారి చెక్ చేసుకోండి. కామెంట్స్‌లో మీ విమానం నెల, ఇప్పుడు ఏ మెట్టు మీదున్నారో రాయండి. ఒకే ఇన్‌టేక్ వాళ్ళు అక్కడే ఒకరికొకరు దొరుకుతారు, కలిసి మాట్లాడటం ప్రాక్టీస్ చేసుకోవచ్చు. వచ్చే ఎపిసోడ్‌లో బీ1 మాట్లాడే పరీక్షకి ఇంట్లో ఎలా ప్రిపేర్ అవ్వాలో చూద్దాం. ఉంటా మరి, చూస్!